మెడ తిరగకపోతే వెనక్కి చూసేదెలా: ఒక సైకిల్ మార్పు డైరీ

జనవరి 5, 2025, ఆదివారం

ధవళేశ్వరం నుంచి రాజమండ్రి వస్తుంటే రోడ్డు వారగా వరిగడ్డి ట్రాక్టరు ఆగి ఉంది. దాన్ని దాటాలంటే కాస్త కుడికి జరగాలి. జరిగే ముందు వెనక్కి చూద్దామని మెడ తిప్పాను. సగంలో ఆగిపోయింది. ఇంకొంచెం తిప్పుదామని బలవంతం చేసేసరికి మెడతోపాటు కుడి భుజం, భుజంతో చెయ్యి, చేత్తో హ్యాండిల్ అన్నీ కుడికి వెళ్లిపోయాయి. ముందు చక్రం ఒక్కసారిగా రోడ్డు మధ్యకి కోసింది. వెనకాల వస్తున్న ఆటో సడన్ బ్రేక్ వేసి ఆగింది.

"వెనక్కి చూసుకోవాలి కదండీ!" అన్నాడు ఆటో అతను.

నేను చూశాను. నా మెడ అంతవరకే వెళ్లింది. ఆ మాట అతనితో అనలేదు. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు చేతులు వణికాయి.

మెడ పట్టేయడం రెండేళ్లుగా ఉంది. మొదట్లో తలగడ మీద తోసేశాను. తర్వాత బోర్డు మీద రాసి పిల్లల వైపు తిరిగేటప్పుడు ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేది. ఎక్స్‌రే తీస్తే మెడలో సీ5, సీ6 అనే ఎముకల మధ్య ఖాళీ తగ్గిందని, సర్వైకల్ స్పాండిలోసిస్, అంటే మెడ ఎముకల అరుగుదల అని చెప్పారు. నాకు 52 ఏళ్లు, ఈ వయసుకి చాలామంది ఎక్స్‌రేల్లో ఇది కనిపిస్తుందట. డాక్టర్ గారు మరికొన్ని ప్రశ్నలు అడిగారు. చేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టంగా ఉందా, నడుస్తుంటే తూలుతున్నారా, చేతిలో వస్తువులు జారిపోతున్నాయా అని. వాటిలో ఏదీ లేదు కాబట్టి సైకిల్ తొక్కొచ్చన్నారు. ఒక్కటి ఉన్నా ఈ డైరీ మొదలుపెట్టేవాణ్ణి కాదు. మెడ నొప్పితో దీన్ని చదువుతున్నవాళ్లు ముందు ఆ ప్రశ్నలు ఎవరికివారు వేసుకోండి.

మా ఆవిడ "ఇక చాలు, స్కూటీ మీద వెళ్లండి" అంది. ఆమె భయం న్యాయమే. కానీ తెల్లవారుజామున గోదావరి గట్టు మీద సైకిల్ తొక్కే ఆ గంట వదులుకోవడం నా వల్ల కాదు. జూన్‌లో బడులు తెరిచేలోపు ఈ సైకిల్‌ని నా మెడకి తగ్గట్టు మార్చుకుంటాను. గురి ఒకటే: గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ నాలుగు పాయలూ దాటి విజ్జేశ్వరం వెళ్లి, ఎక్కడా భయపడకుండా తిరిగి రావాలి.

జనవరి 12, ఆదివారం

కొలత లేకుండా లెక్క మొదలవ్వదు. హెల్మెట్ మీద పిల్లల లేజర్ లైటు ఒకటి టేపుతో అంటించాను. హాలు మధ్యలో కుర్చీ వేసుకుని, వీపు ఆనించి, భుజాలు కదలకుండా కూర్చున్నాను. మెడ తిప్పినంత మేరా ఎర్ర చుక్క గోడ మీద జరిగి, ఒకచోట ఆగిపోయింది. మా అబ్బాయి అక్కడ సుద్దతో గీత పెట్టాడు. కుర్చీ నుంచి ఆ గీత వరకు దారం లాగి, బడి నుంచి తెచ్చిన పెద్ద చెక్క కోణమానినితో కొలిచాం.

ఎడమకి 52 డిగ్రీలు. కుడికి 38.

ఆరోగ్యంగా ఉన్న మెడ ఒక్కో పక్కకి 80 డిగ్రీల దాకా తిరుగుతుంది, వయసుతో కొంత తగ్గుతుంది. మన రోడ్ల మీద ఎడమ వారగా వెళ్తాం, బండ్లు వచ్చేది కుడి వెనక నుంచి. అంటే నాకు ఏ పక్క ఎక్కువ కావాలో ఆ పక్కే తక్కువ ఉంది.

బోర్డు మీద వేసినట్టు కాగితం మీద వేశాను. నాకు 10 మీటర్ల వెనక, 2 మీటర్లు కుడిగా ఉన్న ఆటో, నా ముక్కు సూటిగా ఉన్న గీత నుంచి దాదాపు 170 డిగ్రీల దూరంలో ఉంటుంది. మెడ ఒక్కటే అంత తిరిగే మనిషి ఎవరూ లేరు. మెడ కొంత, నడుము కొంత, కనుగుడ్డు కొంత తిరిగితే, మిగిలింది కంటి చివరి చూపు అందుకుంటుంది. నా లెక్క: మెడ 38, కళ్లజోడు ఫ్రేము అడ్డొచ్చేలోపు కన్ను 30, ముందుకి వంగి రెండు చేతులూ హ్యాండిల్ మీద బిగించి ఉంటాను కాబట్టి నడుము మహా అయితే 10. మొత్తం 78. దాదాపు నా పక్కకి వచ్చేసిన బండి మాత్రమే నాకు స్పష్టంగా కనిపిస్తోంది.

ఇన్నాళ్లూ మెడని ఎలా తిప్పాలా అనే ఆలోచించాను. కాగితం మీద చూస్తే మెడ కంటే నడుము దగ్గరే ఎక్కువ పోగొట్టుకుంటున్నాను. నడుము తిరగాలంటే ఒళ్లు నిటారుగా ఉండాలి. ఒళ్లు నిటారుగా ఉండాలంటే హ్యాండిల్ పైకి, దగ్గరకి రావాలి.

జనవరి 19, ఆదివారం

సంక్రాంతి వెళ్లాక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. మూడు పనులు చెప్పింది ఆ అమ్మాయి. తల వంచకుండా గడ్డాన్ని సూటిగా లోపలికి లాక్కుని ఐదు సెకన్లు ఉంచడం. భుజం రెక్కలు రెండూ వెనక దగ్గరికి తేవడం. కుర్చీలో కూర్చుని చేతులు గుండెల మీద కట్టుకుని నడుము పైభాగాన్ని మెల్లగా అటూ ఇటూ తిప్పడం. ఒక్కోటి పదిసార్లు, ఉదయం సాయంత్రం.

సెలూన్‌లో కటింగ్ అయ్యాక మెడ పటపటమనిపిస్తారు కదా, అది నాకు ఇరవై ఏళ్ల అలవాటు. ఆ సంగతి చెప్తే ఆమె మొహం మారిపోయింది. మెడ ఎముకల గుండా మెదడుకి వెళ్లే రక్తనాళాలు ఉంటాయని, ఆ కుదుపుకి వాటి లోపలి పొర చిరిగే ప్రమాదం ఉందని చెప్పింది. ఈ వారం నుంచి మానేశాను. మీరూ మానేయండి.

జనవరి 26, ఆదివారం

బడిలో జెండా వందనం అయ్యాక సైకిల్ ముందేసుకుని కూర్చున్నాను. ఇది హైబ్రిడ్ సైకిల్, తిన్నని హ్యాండిల్. సీటు కంటే హ్యాండిల్ 4 సెంటీమీటర్లు కిందకి ఉంది. నేను తొక్కే భంగిమలో గోడకి ఆనుకుని కూర్చుంటే మా అబ్బాయి పక్కనుంచి ఫోటో తీశాడు. నడుము నుంచి భుజం వరకు గీత గీస్తే, నిలువు నుంచి 44 డిగ్రీలు ముందుకి వంగి ఉన్నాను.

ఈ 44కి ఇంకో అర్థం ఉంది. ఒళ్లు ఎంత ముందుకి వంగితే రోడ్డు చూడ్డానికి తల అంత వెనక్కి ఎత్తాలి. సుమారు 5 కిలోల తలని గంటసేపు అలా ఎత్తి పట్టుకునేది మెడ వెనక కండరాలే. అమెరికాను అడ్డంగా దాటే రేస్ అక్రాస్ అమెరికా పోటీలో మైకేల్ షెర్మర్ అనే రైడర్‌కి 1983లో ఆ కండరాలు పూర్తిగా చేతులెత్తేశాయి, తల నిలబడలేదు. అప్పటి నుంచి దాన్ని షెర్మర్స్ నెక్ అంటారు. వాళ్లు తొక్కేది రోజుల తరబడి, వేల కిలోమీటర్లు. నాది గంట. కానీ ముందే అరిగిన మెడకి ఆ గంట కూడా బరువే.

ఖర్చు లేని పని ముందు చేశాను. హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ 110 మిల్లీమీటర్ల పొడవు, 7 డిగ్రీలు కిందకి వంగి ఉంది. దాన్ని ఊడదీసి తిరగేసి బిగిస్తే అదే 7 డిగ్రీలు పైకి లేస్తుంది. రెండున్నర సెంటీమీటర్లు కలిసొచ్చాయి. బిగించేటప్పుడు వరస ముఖ్యం: ముందు పైమూత బోల్టు, హ్యాండిల్ వదులు లేకుండా, తిప్పితే బిగుసుకోకుండా ఉండేంత వరకే. ఆ తర్వాతే పక్క బోల్టులు. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే టక్కుమని చప్పుడు రాకూడదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

రెండున్నర సెంటీమీటర్లు చాలలేదు. స్టెమ్‌ని పైకి లేపే ముక్క, 50 మిల్లీమీటర్ల స్టెమ్ రైజర్ తెప్పించాను, 450 రూపాయలు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు పైగొట్టం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి 50 పెంచితే ఎత్తు 47 వస్తుంది, దాంతోపాటు హ్యాండిల్ 16 మిల్లీమీటర్లు నా వైపుకి కూడా వస్తుంది. నాకు రెండూ కావాలి.

ఇంట్లోనే బిగించాను. చూడ్డానికి చక్కగా ఉంది. వీధి చివర ఎడమకి తిప్పేసరికి వెనక బ్రేకు తనంతట తనే పట్టేసింది. హ్యాండిల్ పైకి వెళ్లింది, కేబుల్ పొడవు మాత్రం పాతదే. తిప్పినప్పుడల్లా అది బిగుసుకుని బ్రేకు లాగుతోంది. పెద్ద రోడ్డు మీద అయితే పడిపోయేవాణ్ణే. రైజర్ కొనేముందు హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి కేబుల్ ఎంత మిగులుతోందో చూసుకోవాల్సింది. చూడలేదు.

సైకిల్ నడిపించుకుంటూ దేవీచౌక్ వైపు మెకానిక్ బాబాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. మా నాన్న సైకిల్‌కి పంక్చర్లు వేసిన చెయ్యి అది. చుట్టూ తిరిగి చూశాడు.

"కేబుళ్లు మార్చేద్దామండి, అదేం పెద్ద పని కాదు. గానీ మాస్టారూ, మీ నాన్నగారు ముప్పై ఏళ్లు తొక్కారు కదండీ ఆ నల్ల సైకిలు, ఎప్పుడైనా మెడ నొప్పి అన్నారా?"

"అనలేదు బాబాయ్."

"ఎందుకంటారండి? దాని మీద కుర్చీలో కూర్చున్నట్టు కూర్చునేవారండి. హ్యాండిలు ఒళ్లోకి వచ్చేది. మీరేమో హ్యాండిలు కోసం వంగుతున్నారు."

నేను కోణమానిని పట్టుకుని వారం రోజులు వేసిన లెక్క బాబాయ్ ఒక్క మాటలో చెప్పేశాడు. కొత్త బ్రేకు, గేరు కేబుళ్లు పొడవుగా వేసి, ఎటు తిప్పినా వదులుగా ఉండేలా కట్టాడు. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని హ్యాండిల్ మెలితిప్పి చూశాడు, స్టెమ్ జారలేదు. "కార్బన్ ఫోర్కు అయితే ఇది పెట్టకూడదండి, ఇది ఇనుపదే, పర్లేదు" అన్నాడు. సామాను, కూలీ కలిపి 520.

ఫిబ్రవరి 16, ఆదివారం

హ్యాండిల్ లేచింది, ఇప్పుడు బరువంతా సీటు మీదకి వచ్చింది. తోక ఎముక నొప్పి. సీటు ముక్కు కిందకి వంచితే బాగుంటుందనిపించి వంచాను. అది తప్పు. పది నిమిషాల్లో ముందుకి జారడం మొదలైంది, జారకుండా చేతులతో తోసుకుంటున్నాను, తోసేసరికి భుజాలు చెవుల దాకా ఎక్కాయి, సాయంత్రానికి మెడ రాయిలా బిగుసుకుపోయింది. లెవెల్ యాప్ పెట్టి సీటు మళ్లీ సమంగా చేశాను. కొంచెం వెడల్పు సీటు వేయించాలి.

టైర్లలో గాలి కూడా 65 నుంచి 50 పీఎస్‌ఐకి దించాను, టైరు పక్కన ముద్రించిన కనిష్ఠానికి తగ్గకుండా. ప్రతి గతుకూ నేరుగా మెడకి తగలడం తగ్గింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఈ వారం కనుక్కున్న సంగతి సైకిల్‌ది కాదు, కళ్లజోడుది. నాది ప్రోగ్రెసివ్ అద్దం, దూరపు చూపు పైభాగంలో, దగ్గరి చూపు కింద. ముందుకి వంగి తొక్కేటప్పుడు తల ఎత్తకుండా కళ్లు మాత్రమే పైకెత్తితే చూపు ఫ్రేము పైఅంచుకి తగులుతుంది. అది తప్పించుకోవడానికి గడ్డం ఇంకా పైకెత్తుతున్నాను. ఎవరూ చెప్పకుండానే మెడ ఆ అలవాటు నేర్చుకుంది. హెల్మెట్ ముందున్న చిన్న నీడ రేకు కూడా అదే పని చేస్తోంది, ముందుకి చూడాలంటే దాని కింద నుంచి తల ఎత్తాల్సిందే.

రేకు పీకేశాను, అది క్లిప్పు మీదే ఉంటుంది. దూరపు చూపు నంబరుతో, ఎత్తయిన అద్దాలున్న పాతకాలపు పెద్ద ఫ్రేములో ఇంకో కళ్లజోడు చేయించాను. సైకిల్‌కి అదొక్కటే. హ్యాండిల్ మీద గేరు నంబర్లు కొంచెం మసకగా ఉంటాయి, పర్వాలేదు. కన్ను ఇప్పుడు పక్కకి కూడా 40 డిగ్రీల దాకా వెళ్తోంది.

మార్చి 1, శనివారం

బడి వదిలాక గ్రౌండులో సుద్దపొడితో యాభై మీటర్ల తిన్నని గీత పోశాను. తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు ఉండిపోయారు. ఒకడు గీతకి కుడి పక్క, నేను దాటాక నా వెనక నిలబడి చేతి వేళ్లు ఎత్తుతాడు. నేను గీత దాటకుండా తొక్కుతూ ఎన్ని వేళ్లో చెప్పాలి. రెండోవాడు చక్రం గీత దాటిందా అని చూస్తాడు.

మొదటి ఐదుసార్లూ చక్రం గీత దాటింది. కారణం పాతదే, చూపుతోపాటు చెయ్యి లాగుతోంది. అప్పుడు చదివిన పద్ధతి ప్రయత్నించాను. చూసే ముందు కుడి చెయ్యి హ్యాండిల్ మీద నుంచి తీసేసి కుడి తొడ మీద పెట్టుకోవాలి. ఎడమ చెయ్యి ఒక్కటే తేలిగ్గా పట్టుకుని ఉంటుంది. కుడి చెయ్యి వదిలేసరికి భుజం తాళం తీసినట్టు తెరుచుకుంటుంది, ఛాతీ కుడికి తిరుగుతుంది, మెడ చివర్లో కొంచెం తిరిగితే చాలు.

"మూడు!" అన్నాను.

"కాద్సార్, నాలుగు! బొటనవేలు చూళ్లేదు మీరు!"

"గీత?"

"గీత మీదే ఉన్నార్సార్!"

వేళ్లు తప్పు చెప్పినా చక్రం తప్పలేదు. నాకు అదే పెద్ద సంతోషం. ఇరవైసార్లు చేశాం. చివరి ఆరుసార్లూ వేళ్లు కూడా కరెక్టు. పిల్లలకి చెరుకురసం ఇప్పించాను.

ఇంటికొచ్చి లెక్క వేస్తే నడుము 40, మెడ 42, కన్ను 40. మొత్తం 122. 78 నుంచి 122కి వచ్చాను. అందులో మెడ ఇచ్చింది 4 డిగ్రీలే.

మార్చి 30, ఉగాది

పదో తరగతి పరీక్షల డ్యూటీల్లో సైకిల్ పెద్దగా తొక్కలేదు. పచ్చడి తిన్నాక అద్దం పని పట్టాను.

మొదట కొన్న అద్దం హ్యాండిల్ మీద సన్నటి కాడతో నిలబడేది. పావు కిలోమీటరు కూడా బొమ్మ నిలవలేదు, అంతా వణుకే. రెండోది కుడి గ్రిప్ చివర గొట్టంలోకి దూర్చి బిగించేది, గుండ్రటి ఉబ్బెత్తు అద్దం, 350 రూపాయలు. కాడ పొట్టి కాబట్టి వణకదు. మన దగ్గర కుడి పక్కే పెట్టాలి. ఆన్‌లైన్‌లో ఫోటోలు చాలా వరకు ఎడమ పక్క చూపిస్తాయి, అవి కుడి వారగా తొక్కే దేశాలవి.

ఉబ్బెత్తు అద్దంలో బండి ఉన్నదానికంటే చిన్నగా, దూరంగా కనిపిస్తుంది. అలవాటయ్యేదాకా అది ప్రమాదమే. వీధిలో మా అబ్బాయి స్కూటీ 10 మీటర్లలో, 20 మీటర్లలో, 40 మీటర్లలో నిలబెట్టి, ఒక్కో దూరానికి అద్దంలో ఎంత పెద్దగా ఉందో చూసి గుర్తుపెట్టుకున్నాను. అద్దం చూశాక కూడా తల తిప్పి చూడటం మానలేదు. అద్దానికి అందని మూల ఒకటి ఎప్పుడూ ఉంటుంది, సరిగ్గా బైకులు దూరేది అక్కడే.

హ్యాండిల్ కూడా మార్చాం. చివరలు నా వైపుకి వంగిన హ్యాండిల్, మధ్య లావు 31.8 మిల్లీమీటర్లు. బాబాయ్ షాపులో ఉన్నవన్నీ 25.4, అవి నా స్టెమ్‌లో వదులుగా ఉన్నాయి. రేకు ముక్క చుట్టి బిగించేద్దామా అని అడిగితే బాబాయ్ ఒప్పుకోలేదు. "హ్యాండిలు దగ్గర సర్దుబాట్లు చెయ్యనండి, నేను" అన్నాడు. వారం ఆగి సరైనది తెప్పించాను.

కొత్త ఫోటో: 26 డిగ్రీలు. సీటు కంటే హ్యాండిల్ 3 సెంటీమీటర్ల పైన.

ఏప్రిల్ 10, గురువారం

స్పాట్ వాల్యుయేషన్ అయ్యింది. రోజంతా తల వంచుకుని జవాబు పత్రాలు దిద్దడం. ఈరోజు కొలిస్తే మెడ కుడికి 35. సైకిల్ ఎక్కని వారంలో మెడ ఇంత పాడైంది. జనవరిలో తప్పంతా సైకిల్ మీద వేశాను. ఫోన్, పేపర్లు, బల్ల ఎత్తు, వీటి వాటా ఎంతో ఇప్పుడు తెలుస్తోంది. రెండు లావుపాటి డిక్షనరీల మీద అట్ట వాల్చి, దిద్దే కాగితాలు కళ్లకి ఎదురుగా వచ్చేలా పెట్టుకున్నాను.

మే 4, ఆదివారం

ఉదయం 4:50కి బయల్దేరాను, ఎండ ముదరకముందే తిరిగి రావాలని. ముందు దీపం, వెనక ఎర్ర దీపం, సీసాలో మజ్జిగ.

ధవళేశ్వరం పాయ మీదకి ఎక్కేసరికి తూర్పు తెల్లబడుతోంది. ఎదురుగాలి. ఇదివరకు ఎదురుగాలి వస్తే తెలియకుండానే వంగిపోయేవాణ్ణి, ఇప్పుడు హ్యాండిల్ ఎత్తుకి వంగినా ఎక్కువ దూరం పోలేను. కాబట్టి గేరు తగ్గించి మెల్లగా తొక్కాను. నిటారుగా కూర్చుంటే గాలి ఛాతీకి కొడుతుంది, వేగం గంటకి రెండు మూడు కిలోమీటర్లు పడిపోయింది. ఆ నష్టానికి నేను సిద్ధపడే చేశాను ఇదంతా. ప్రతి దీపస్తంభం దగ్గర భుజాలు ఒకసారి కిందకి వదలడం, మోచేతులు కొంచెం మడవడం అలవాటు చేసుకున్నాను.

ర్యాలి పాయ దాటాక ఇసుక లారీ ఒకటి వెనక నుంచి వస్తున్నట్టు అద్దంలో చిన్న చుక్కగా కనిపించింది. ముందు పాలక్యాన్ల సైకిల్ మెల్లగా వెళ్తోంది, దాన్ని దాటాలి. కుడి చెయ్యి తొడ మీదకి తెచ్చుకున్నాను. ఛాతీ తిరిగింది, మెడ తిరిగింది. లారీ ముందు అద్దం, దాని మీద కట్టిన నిమ్మకాయలు, మిరపకాయలు కూడా కనిపించాయి. చక్రం తిన్నగానే ఉంది. దాటకుండా ఆగి, లారీని ముందు పోనిచ్చాను. ఆ తర్వాత పాల సైకిల్‌ని దాటాను.

మద్దూరు, విజ్జేశ్వరం. అవతలి గట్టు మీద టీ తాగాను. తిరుగు ప్రయాణంలో గాలి వెనక నుంచి తోసింది.

ఇంటికి 7:40. వేళ్లలో తిమ్మిరి లేదు, మెడ బిగుతు ఉంది కానీ నొప్పి కాదు. వేడినీళ్ల స్నానం చేశాక కొలిస్తే కుడికి 44, ఎడమకి 55. ఖర్చు మొత్తం కళ్లజోడు కాకుండా 2,610 రూపాయలు.

మిగిలిన పనులు రెండు. వెడల్పు సీటు ఇంకా వేయించలేదు. కుడి గ్రిప్ చివర అద్దం బోల్టు వదులవుతోంది, రేపు బాబాయ్ దగ్గరికి తీసుకెళ్లాలి.